అంటుకోని జబ్బు

"చేతులెత్తితే నడుము నొయ్యడమేందమ్మా? చేతులు యాడున్నాయి, నడుము యాడుంది?"

నేను దండెం కర్రతో మడి చీర ఆరేస్తుండగా మా అత్త లక్ష్మీబాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది. జవాబు కోసం అడిగింది కాదు. మా ఇంట్లో నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇలాగే ఉంటాయి, అడిగినవాళ్ళ దగ్గర జవాబు ముందే తయారుగా ఉంటుంది. మడి చీర ఆరేయడం ఎలాగో తెలియని అదృష్టవంతులకు చెబుతాను. తొమ్మిది గజాల తడి చీరను కర్ర కొనకు తగిలించి, మనిషికీ గోడకూ దారిన పోయే పిల్లికీ తగలనంత ఎత్తున, కప్పుకు దగ్గరగా కట్టిన వెదురు దండెం మీద పరచాలి. మర్నాడు చీకటి ఉండగానే తలస్నానం చేసి, అదే కర్రతో దింపుకొని, కచ్చె పోసి కట్టుకొని దేవుడికి వంట చెయ్యాలి. ఈలోగా మడి కట్టుకోనివాళ్ళు ఎవరు తాకినా ఆ చీర పనికిరాదు, మళ్ళీ తడిపి మళ్ళీ ఆరేయాలి. ఆ రోజు కర్ర ఎత్తాను. నడుములో ఏదో పుటుక్కుమంది. కర్ర వదిలేసి గోడ పట్టుకున్నాను. చీర నేల మీద పడింది. మా అత్త నా వైపు చూడలేదు, చీర వైపు చూసింది. "పోయింది మడి" అంది.

నా నడుము గురించి అందరికీ అన్నీ తెలుసు. మా అత్తకి తెలుసు, అది సోమరితనమని. మా మామ గురురాజాచార్యులకి తెలుసు, అది నా జాతకంలో శని చేస్తున్న పని అని. ఆయన మఠంలో పూజలు చేసి చేసి ఇప్పుడు ఇంట్లో సాలగ్రామాల ముందు కూర్చుంటారు, ఆయన దేవుడు తిన్నాకే మా ఇంట్లో ఎవరైనా తినాలి. నా భర్త సుధీంద్రకి తెలుసు, అది వ్యాయామం లేకపోవడమని. "పొద్దున ఒక పది నిమిషాలు స్ట్రెచింగ్ చెయ్యొచ్చు కదా" అంటాడు. పొద్దున ఆ పది నిమిషాలు ఏ గిన్నె కింద దాక్కున్నాయో వెతికిపెట్టమని నేను అడగలేదు. అతను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతాడు. రోజూ ఆదోని నుంచి బస్సులో పోయి వస్తాడు కాబట్టి అలసట మీద హక్కులన్నీ అతనివే. నేను పని చేసే స్కూలు మా ఇంటికి దగ్గరే, కనుక నాకు అలసట రాదు. ఆ స్కూల్లో క్లాసుల్లోంచి టీచర్ల కుర్చీలు తీసేశారు. "మీరు కూసుంటే పిల్లోళ్ళు పండుకుంటారు మేడం" అన్నాడు కరస్పాండెంటు, తన తోలు కుర్చీలో వెనక్కి వాలి. పొద్దున మడిలో వంగి, పగలు క్లాసులో నిలబడి, సాయంత్రం మళ్ళీ వంగి, ఇలా పన్నెండేళ్ళు గడిపాను.

ఇందులో నాకు చాలా కాలం ఒక సందు దొరికేది. నెలకి మూడు రోజులు మెట్ల కింద గదిలో బయటుండేదాన్ని. చాప, చెంబు, విడిగా ఒక కంచం. ఆ ఆచారమంటే నాకు ఒళ్ళు మంట. కాలేజీలో చదివేటప్పుడు దాని మీద ఆవేశంగా వ్యాసం కూడా రాశాను. కానీ పెళ్ళయ్యాక ఆ మూడు రోజుల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. నా చదువునంతా పక్కన పెట్టి, గుమ్మం అవతలి నుంచి నెట్టిన కంచంలో అన్నం తిని, వెల్లకిలా పడుకొని నడుము నేలకి ఆన్చేదాన్ని. వెలివేస్తే హాయిగా ఉండటమేమిటి అని ఏడుపొచ్చేది, ఆ ఏడుపు మధ్యలోనే నిద్రపట్టేది. తర్వాత గర్భసంచిలో గడ్డలొచ్చి దాన్ని తీసేశారు. ఆసుపత్రిలో నాకింకా మత్తు పూర్తిగా దిగలేదు. మా అత్త మంచం పక్కన కూర్చొని ఎవరికో ఫోనులో చెబుతోంది. "పోనీలేవే, ఒక విధంగా మేలే అయింది. ఇంక నెలంతా మడికి పనికొస్తాది." ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

నడుము మరీ పట్టేసి, బాత్రూములోంచి లేవలేకపోయిన రోజున సుధీంద్ర నన్ను కర్నూలు తీసుకెళ్ళాడు. ఎమ్మారై తీశారు, నడుములోకి సూది గుచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించింది. నాకంటే చిన్నదే ఆవిడ. "ఈ డిస్కుకి ఎప్పుడో చీలిక వచ్చిందమ్మా. పక్కనున్న ఎముకల అంచుల్లో వాపు కూడా ఉంది. మన చర్మం మీద, చిగుళ్ళలో మామూలుగా ఉండే బ్యాక్టీరియా ఒకటుంది, మొటిమల్లో ఉండేదే. అది రక్తంలోంచి ఈ చీలికలోకి చేరి, గాలి ఆడని చోట నిదానంగా పెరిగి డిస్కుని పాడు చేస్తుందని కొంతమంది పరిశోధకులు చెబుతున్నారు. మీ ముక్కలో అది పెరిగింది."

"అయితే అదేనా కారణం?" అన్నాను.

"తెలీదమ్మా" అంది డాక్టరు. "అది చర్మం మీద కూడా ఉంటుంది కదా, సూదికి అంటుకొని వచ్చిందేమో అనేవాళ్ళూ ఉన్నారు. నేను ఒట్టేసి చెప్పలేను. మీ నొప్పి తీరు, ఈ వాపు చూస్తే మందులు వాడి చూడొచ్చు అనిపిస్తోంది. మూడు నెలలకు పైనే వాడాలి. అన్నాళ్ళూ వంగకూడదు, బరువెత్తకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు, భయపడకండి. మీకూ ఉంది, నాకూ ఉంది, అందరి ఒంటి మీదా ఉంది."

పన్నెండేళ్ళలో నా నడుము గురించి 'తెలీదు' అన్న మొదటి మనిషి ఆవిడ. చేతులు పట్టుకొని ఏడవాలనిపించింది. నొప్పి ఉందని నమ్మి, దానికి కారణం వెతికి, దొరికిన కారణాన్ని కూడా అనుమానించి చూసే మనిషి ఉంటుందని నేననుకోలేదు. ఇదంతా జరుగుతున్నప్పుడు సుధీంద్ర వరండాలో ఫోను మాట్లాడుతున్నాడు. నేను రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు అతన్ని లోపలికి పిలిచింది. మందుల చీటీ పట్టుకొని బయటికి వచ్చాడు.

ఇంటికి రాగానే మా అత్త గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నారంట?"

"డిస్కులో బ్యాక్టీరియా చేరిందేమో అన్నారత్తా. మందులు వాడాలి."

"అంటే పురుగా?" మా అత్త రెండడుగులు వెనక్కి వేసింది. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. జబ్బు నడుములో ఉంటే ముక్కు మూసుకోవడమెందుకో ఆవిడకే తెలియాలి. "సుధీ, అంటుకుంటాదేమిరా అది?"

సుధీంద్ర చెప్పులు విడుస్తున్నాడు. ఒక చెప్పు విడవడానికి అంతసేపు పడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. "ఏమోమ్మా. కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉంటే మంచిది" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అంటుకోదత్తా, అందరి ఒంటి మీదా ఉండేదే అని చెప్పబోయాను. అప్పుడే మా అత్త, "ఒంట్లో పురుగు పెట్టుకొని దేవుని వంటింట్లోకి ఎట్లొస్తావు? ఇంక మడి కట్టొద్దు నువ్వు. నీళ్ళబిందె గూడా ముట్టొద్దు. మెట్ల కింద గదిలో ఉండు" అంది.

నేను నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రమే పాత గది ఊడ్చారు. మళ్ళీ అదే కంచం, అదే చెంబు. ఈసారి చాప బదులు ఇనప మంచం, వెనక్కి ఆనుకోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ. వయసు పెరిగినకొద్దీ హోదా పెరిగింది. మా అత్త గరిటెను పైకెత్తి, పడ్డచోట పడనీ అన్నట్టు అన్నం వేసేది. పులుసు చింది నా చీర మీద పడితే 'కంచం ముందుకు పెట్టుకోవాలని తెలీదా' అనేది. నేను పడుకున్న గదిలో పడుకోకుండా సుధీంద్ర తన పరుపు హాల్లో వేసుకున్నాడు. తువ్వాలు వేరు చేసుకున్నాడు, దువ్వెన వేరు చేసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి "టాబ్లెట్ వేసుకున్నావా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. స్కూలుకి ఈ వార్త మా అత్తే చేరవేసింది, గుడిలో కనబడ్డ మా హెడ్‌మిస్ట్రెస్ అత్తగారితో. కరస్పాండెంటు ఫోను చేశాడు. "పేరెంట్స్ వింటే బాగుండదు మేడం. తగ్గినాకనే రాండి. జీతం లేని సెలవనుకోండి." సరే సార్ అన్నాను. బ్యాక్టీరియా గురించి పాఠం చెప్పే టీచరుని బ్యాక్టీరియా ఉందని ఇంటికి పంపించిన స్కూలు అది.

అవమానం లేదని చెప్పను. గరిటె పైకి లేచినప్పుడు కొన్నిసార్లు కంచం విసిరికొట్టాలనిపించేది. కానీ వంగడం లేదు. కర్ర ఎత్తడం లేదు. ద్వాదశి పారణకని కోడి కూయకముందే లేచి పొయ్యి ముందు నిలబడటం లేదు. మందులు మింగి వికారంతో పడుకునేదాన్ని, లేచి కిటికీలోంచి ఇంటిని చూసేదాన్ని. అప్పుడు తెలిసింది నాకు, మా ఇల్లు తనంతట తాను నడవదని. మా అత్త తడి చీర ఆరేయలేక మూలుగుతోంది. మామ పూజకి కూర్చొని "నైవేద్యం ఇంకా కాలేదా?" అని కేకేస్తున్నారు. సుధీంద్ర బిందె మోయబోయి సగం నీళ్ళు ఒంటి మీద పోసుకున్నాడు. పన్నెండేళ్ళుగా నేను సోమరినని చెబుతూ వచ్చిన ముగ్గురు మనుషులు ఒక సోమరి చేసే పనిని పంచుకొని చేయలేక సతమతమవుతున్నారు. నాకు జాలి వేయలేదు. వేయాలని కూడా ప్రయత్నించలేదు.

అంట్లు తోమడానికి వచ్చే హులిగమ్మ ఒకరోజు పెరటి వైపు నుంచి కిటికీ దగ్గరికి వచ్చింది. మా వంటింటి గడప ఆమె ఏనాడూ దాటలేదు, దాటనివ్వరు. నా కంచం కూడా ఆమే కడుగుతోంది. "ఏం పురుగోగానీమ్మా అది, ఒకటి మా ఇంటికి గూడ అంపియ్యి. మా అత్త నన్ను గూడ మూల కూసోబెట్టి అన్నం పెడ్తాదేమో సూస్తా" అంది. ఇద్దరం నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వాం. నవ్వితే నడుము నొప్పి పుట్టలేదు. అది గమనించి ఒక్క క్షణం భయమేసింది, నిజమేనా అని. మంచం మీద ఇటు తిరిగి, అటు తిరిగి చూసుకున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ సగానికి దిగింది. మందు పనిచేసిందో, విశ్రాంతి పనిచేసిందో నాకు తెలియదు. ఫోనులో అడిగితే డాక్టరు కూడా తెలీదనే అంది. "రెండూ ఆపకండి. కోర్సు మధ్యలో మళ్ళీ బరువులెత్తితే మొదటికొస్తుంది. అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాల్సి వస్తుంది" అని హెచ్చరించింది. ఆ మాట సుధీంద్రకి కూడా చెప్పాను. తలూపాడు.

శ్రావణం వచ్చింది. ఉరుకుంద జాతరకి పోయే బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. మంత్రాలయంలో ఆరాధన దగ్గర పడింది. ఆరాధనకి పోయే చుట్టాలంతా మా ఇంట్లో దిగి, మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకొని పోవడం మా మామ తండ్రి కాలం నుంచీ వస్తున్న మర్యాద. వచ్చేవాళ్ళంతా మడి వంటే తింటారు, హోటలు మెట్లెక్కరు. ఫోన్లు రావడం మొదలైంది. ఫోను పెట్టేసిన ప్రతిసారీ మా అత్త నా గది వైపు చూసేది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మూలన పడేసిన గ్రైండరు ఇంకా తిరుగుతుందా లేదా అని చూసే చూపు.

ఆ ఆదివారం ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. నా గది తలుపు తెరిచే ఉంది. సుధీంద్ర గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, అసలు అది అంటుకునే జబ్బు కాదు. ఆ బ్యాక్టీరియా అందరి చర్మం మీదా ఉంటాది. నీ మీదా ఉంటాది, నా మీదా ఉంటాది. తను వంటింట్లోకి వచ్చినా ఏం కాదు."

ఎంత చక్కగా చెప్పాడో. క్లాసులో కూడా అంత చక్కగా చెప్పి ఉండడు. నేను లేచి గుమ్మంలోకి వచ్చాను.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

అతను నేల చూశాడు. "డాక్టరు చెప్పింది కదా, ఆ రోజే."

"ఆ రోజు అత్త అడిగితే ఏమో అన్నారు."

"అమ్మ భయపడతాండె కదా, అప్పుడే వాదించడమెందుకని..."

"పరుపు హాల్లో ఎందుకు వేసుకున్నారు?"

"ఏదో, జాగ్రత్త..." అన్నాడు. తర్వాత ఏం తోచిందో, "నువ్వు గూడా చెప్పలేదు కదా" అన్నాడు.

"నేను చెప్పలేదు. చెప్పింటే నాకు ఈ విశ్రాంతి ఇచ్చేవాళ్ళా? మీరు చెప్పనిది మాత్రం మీ అమ్మ మొహం చిన్నబోతుందని. మూడు నెలలు నాకు కుక్కకేసినట్టు పైనుంచి అన్నం వేస్తుంటే మీరు అక్కడే కూర్చొని తింటున్నారు. అంటుకోదని తెలిసి కూర్చున్నారు. ఇవాళ చుట్టాలు వస్తారని సైన్సు గుర్తొచ్చిందా?"

"గొంతు తగ్గించు" అన్నారు మామ.

మా అత్త మాత్రం ఈ గొడవ పట్టించుకోలేదు. ఆవిడ లెక్కలు ఆవిడ వేసుకుంటోంది. "అంటుకోదని ముందే చెప్పింటే ఇన్ని నాళ్ళు నాకీ చాకిరీ తప్పేది కదా" అంది, మా ఇద్దరినీ కలిపి. "సరే, అయిందేదో అయింది. రేపు తలకి పోసుకొని పంచగవ్యం తీసుకో. మీ మామ మంత్రం చెప్తారు. శుద్ధి అయినాక మడి కట్టుకుందువు. నీ చీర నేనే తడిపి ఆరేస్తా."

పురుగున్న ఒళ్ళు మూడు నెలలు పనికిరాలేదు. పని పడగానే ఆవుపేడ, మూత్రం కలిపి గుక్కెడు తాగితే పనికొస్తుందట. నడుము గురించి ఎవరూ అడగలేదు. కోర్సు ఎంత మిగిలిందని అడగలేదు. ఆపరేషన్ మాట చెప్పించుకొని తలూపిన మనిషి కూడా అడగలేదు. నాకు కోపం వచ్చింది. పన్నెండేళ్ళుగా వస్తూనే ఉంది, కానీ అది ఎప్పుడూ గిన్నెల మీద, గరిటెల మీద, చివరికి నా మీద పడేది. ఆ రోజు మొదటిసారి పడవలసినవాళ్ళ మీదికి తిరిగింది.

మర్నాడు తెల్లారేసరికి మా అత్త స్నానం చేసి మడి కట్టుకొని పొయ్యి దగ్గర నిలబడింది. మామ మడి పంచెతో సాలగ్రామాల ముందు కూర్చున్నారు. "అపూర్వా, లేచినావా? నీళ్ళు కాగినాయి. పంచగవ్యం తులసికోట దగ్గర పెట్టినాను. నీ చీర దండెం మీదుంది" అని వంటింట్లోంచి కేకేసింది అత్త.

స్నానం చేయకుండా, నిన్నటి చీరతో, జుట్టు కూడా ముడవకుండా బయటికి వచ్చాను. ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ తెచ్చి హాలు మధ్యలో, వంటింటి గుమ్మానికి ఎదురుగా వేశాను. దండెం మీద నా మడి చీర ఉంది. మూడు నెలలైనా మా అత్తకి కర్ర తిప్పడం మళ్ళీ అలవాటు కాలేదు, ఒక కొన సరిగా పడక కిందికి వేలాడుతోంది. నేనైతే అలా వేసి ఉండేదాన్ని కాదు. వేసి ఉంటే ఎంత విని ఉండేదాన్నో.

"ఆగు, ఆగు! ముట్టొద్దు! స్నానం చెయ్యలేదు నువ్వు!" మా అత్త గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి అక్కడే ఆగిపోయింది. నన్ను ఆపాలంటే నన్ను పట్టుకోవాలి. పట్టుకుంటే ఆవిడ మడి పోతుంది, పొయ్యి మీది వంటంతా పోతుంది. మామ పూజలోంచి సగం లేచి, లేచినవారు లేచినట్టే నిలబడిపోయారు. ఆయన పరిస్థితీ అంతే. ఇద్దరూ ఇంట్లో నన్ను పట్టుకోగల, మడి లేని ఒకే ఒక్క మనిషి వైపు చూశారు. సుధీంద్ర పరుపు మీద లేచి కూర్చున్నాడు. "అపూర్వా, ప్లీజ్" అన్నాడు. లేచి రాలేదు.

వేలాడుతున్న కొన పట్టుకొని లాగాను. చీరంతా జరజరా జారి నా చేతుల్లోకి వచ్చింది. అంత పొడి బట్ట, అంత తేలిక. దాన్ని నాలుగు మడతలు వేసి, ఇంకో రెండు మడతలు వేసి, కుర్చీలో నడుము ఆనే చోట పెట్టాను. కూర్చొని వెనక్కి వాలాను. సరిగ్గా సరిపోయింది.

"తాకినావే! బుద్ధుండే చేసినావా ఈ పని?" అని అరిచింది అత్త, గుమ్మంలోంచే.

"బుద్ధుండే చేసినానత్తా" అన్నాను. "లోపల పాలు పొంగుతున్నట్టున్నాయి, పోయి చూసుకోండి."